శ్రీహరికోట నుంచి అంగారకుడి దాకా: మంగళయాన్ కథలో మనవాళ్ల ఊరు

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. మేం నలుగురం కలిసి రాసాం. అందరం పిడుగురాళ్ల వాళ్లమే. బస్సులో చదివేవాళ్లు సగం ఇప్పుడు చదివి, మిగతాది ఇంటికెళ్లాక చదువుకోండి.

అసలు ఇది రాయాలని ఎందుకు అనిపించిందంటే, ఒక కోచింగ్ క్లాసులో సారు మంగళయాన్ పాఠం చెప్తున్నారు. శ్రీహరికోట దగ్గరకొచ్చేసరికి "అక్కడ ముందు ఎవరూ లేరు, అంతా అడివే, అందుకే రాకెట్లకి తీసుకున్నారు" అన్నారు. మాలో ఒకడు లేచి "సార్, మా అవ్వ పుట్టింది అక్కడే" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, తర్వాత పాయింటుకి వెళ్లిపోయారు. మావాడు కూర్చున్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, పుస్తకంలో ఉన్నదే చెప్పారు. కానీ ఆ పూట నుంచి మాకు రెండు సంగతులు తేల్చుకోవాలనిపించింది. ఒకటి, శ్రీహరికోటలో ఎవరున్నారు. రెండు, అక్కడినుంచి పోయిన బండి అంగారకుడి చుట్టూ తిరిగి ఏం చూసింది. రెండూ వేరువేరు కథలని మొదలుపెట్టాం గానీ చివరికి ఒకదాంట్లోకి ఒకటి వచ్చేసాయి.

ముందు దీవి సంగతి. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం, మధ్యలో పొడుగ్గా పడుకున్న నేల శ్రీహరికోట. సూళ్లూరుపేట నుంచి 18 కిలోమీటర్లు. అప్పట్లో నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఆ అడివిలో ఉన్నది మన యానాదులు. ఇది మా మాట కాదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో శ్రీహరికోట యానాదుల గురించి ఉంది. వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద ఒక పుస్తకమే రాసారు. 1835లో కంపెనీ ప్రభుత్వం దీవిని తన చేతిలోకి తీసుకుంది. అక్కడినుంచి మనవాళ్లు అడివి సరుకు ఏరి సర్కారుకి ఇచ్చే పనివాళ్లయ్యారు. తేనె, కుంకుడుకాయ, చింతపండు, సుగంధి వేర్లు, రంగుకి వాడే చిరివేరు. వంటచెరుకు కొట్టి పడవలకెత్తితే బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసు పోయేది. అంటే మద్రాసు పట్నంలో పొయ్యి వెలిగింది మనవాళ్లు కొట్టిన కట్టెలతో. అప్పుడు ఆ దీవిలో ఎవరూ లేరని ఎవ్వరూ అనలేదు, పనివాళ్లు కావాలి కదా.

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంచుకున్నారు. కారణాలు సైన్సు ప్రకారం సరైనవే, దాంట్లో మాకు తగువు లేదు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పు దిక్కుకి విసిరితే ఆ తిరుగుడు వేగం ఊరికే కలిసొస్తుంది. తూర్పున సముద్రం కాబట్టి కాలిపోయిన భాగాలు నీళ్లలో పడతాయి. భూమధ్యరేఖకి మరీ దూరం కాదు. ఇంకో కారణం "జనం తక్కువ". ఈ తక్కువ అన్న మాటలో ఉన్నది మనవాళ్లు. అడివిలో ఉన్న కుటుంబాల్ని దీవి దాటించి ఇవతల ఊళ్ల వైపు దింపారు. సుమారు 145 చదరపు కిలోమీటర్ల నేల కేంద్రం కిందకి వెళ్లింది. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. పేరు రోహిణి-125. పేరులో 125 అంటే దాని లావు మిల్లీమీటర్లలో. పన్నెండున్నర సెంటీమీటర్లు, మన ఇళ్లలో పెద్ద పీవీసీ పైపంత.

ఇక్కడ మాకు ఒక తేదీ భలే తగిలింది. శ్రీహరికోటలో ఆ పైపంత రాకెట్ ఎగిరిన 36 రోజులకి, 1971 నవంబరు 14న, అమెరికా వాళ్ల మారినర్-9 అంగారకుడి కక్ష్యలోకి చేరింది. భూమి కాకుండా ఇంకో గ్రహం చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే. చేరేసరికి గ్రహం కనపడలేదు! సెప్టెంబరు చివర్లో మొదలైన దుమ్ము తుఫాను గ్రహం మొత్తాన్ని కప్పేసింది. మన పిడుగురాళ్ల బట్టీల దగ్గర గాలి లేచిన రోజు ఎట్లా ఉంటదో తెలుసుగా, చెట్టు ఏదో స్తంభం ఏదో తెలియదు. అదే ఒక గ్రహం మొత్తం మీద అనుకోండి. ఆ దుమ్ములోంచి నాలుగు నల్లటి మచ్చలు మాత్రం పైకి కనపడ్డాయి. మారినర్-9కి కింద నుంచి కొత్త ఆదేశాలు పంపి, ఫొటోలు తియ్యకుండా ఆగమన్నారు. అదే సమయంలో చేరిన సోవియట్ వాళ్ల మార్స్-2, మార్స్-3 నౌకలకి ఆగే వీలు లేదు, ముందే రాసిపెట్టిన పని ప్రకారం ల్యాండర్లని ఆ తుఫానులోకే వదిలేసాయి. ఒకటి కూలిపోయింది, ఇంకోటి దిగి కొద్దిసేపట్లోనే మూగబోయింది.

1972 మొదట్లో దుమ్ము దిగింది. ఆ నాలుగు మచ్చలు అగ్నిపర్వతాల కొనలని తేలింది. వాటిల్లో ఒలింపస్ మాన్స్ ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు, ఎవరెస్టుకి రెండింతలకి పైనే. 4,000 కిలోమీటర్ల పొడుగున్న లోయ కూడా దొరికింది. దాన్ని కనిపెట్టిన నౌక పేరు మీదే వాలిస్ మారినెరిస్ అన్నారు. ఎండిపోయిన ఏర్ల జాడలు కనపడ్డాయి. నీళ్లు పారిన గుర్తులన్నమాట. అంతకుముందు 1877లో స్కియాపరెల్లి అనే ఇటలీ ఆయన దుర్భిణిలో చూసి గీతలు గీస్తే, అవి మనుషుల్లాంటివాళ్లు తవ్విన కాలువలని కొందరు పుస్తకాలే రాసారు. మారినర్-9 పంపిన ఏడు వేలకు పైగా ఫొటోల్లో ఆ కాలువలు ఒక్కటీ లేవు.

తర్వాత చాలా నౌకలు పోయాయి, అన్నీ రాస్తే పోస్టు తెగదు. 1976లో వైకింగ్‌లు, 1997లో మార్స్ గ్లోబల్ సర్వేయర్, 2006లో మార్స్ రికనయిసెన్స్ ఆర్బిటర్. దారిలో పోగొట్టుకున్నవీ ఎక్కువే. 1999 సెప్టెంబరు 23న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిన తీరు మాత్రం చెప్పాలి. ఒక జట్టు పౌండ్ల లెక్కలో ఇచ్చిన సంఖ్యని ఇంకో జట్టు న్యూటన్ల లెక్కనుకుంది. అంతే, నౌక అనుకున్నదానికన్నా బాగా కిందికి పోయి గాలిలో నాశనమైంది. బట్టీ దగ్గర ఒకడు బస్తాల లెక్క రాస్తే ఇంకొకడు క్వింటాళ్లనుకున్నట్టు. ఫిజిక్సులో యూనిట్లు రాయకపోతే అర మార్కు పోతుందని ఏడ్చేవాళ్లం మేము, వాళ్లకి నౌకే పోయింది. జపాన్ పంపిన నొజోమి కక్ష్య చేరలేదు. చైనా పంపిన చిన్న నౌక యింగ్‌హువో-1, దాన్ని మోసుకుపోవాల్సిన రష్యా నౌకతో పాటు భూమి దగ్గరే ఆగిపోయింది. ఇదంతా ఎందుకంటే మంగళయాన్ మీద అప్పుడు ఎవరికీ పెద్ద నమ్మకం లేకపోవడానికి కారణం తెలియాలని.

2013 నవంబరు 5, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలు. పీఎస్‌ఎల్‌వీ-సీ25 లేచింది. అసలు అక్టోబరు 28న లేవాల్సింది. రాకెట్ చివరి దశల్ని కనిపెట్టుకోడానికి నలంద, యమున అని రెండు ఓడలు దక్షిణ పసిఫిక్‌కి పంపారు. వాతావరణం బాగాలేక ఓడ చేరడం ఆలస్యమైంది, ప్రయోగమూ ఆగింది. నౌక బరువు 1,337 కిలోలు, దాంట్లో 852 కిలోలు ఇంధనమే. చూసే పరికరాలన్నీ కలిపి 15 కిలోలు, ఒక గ్యాస్ సిలిండర్లో నిండుగా ఉండే గ్యాసు కన్నా కాస్త ఎక్కువ. ఖర్చు 450 కోట్లు.

పీఎస్‌ఎల్‌వీకి నేరుగా అంగారకుడి మీదకి విసిరే బలం లేదు. అందుకని వడిసెల తిప్పినట్టు తిప్పారు. చేలో పిట్టల్ని తోలే వడిసెల చూసారుగా, ఒక్కో తిప్పుకి వేగం పెంచి, చివర్లో వదులుతాం. నౌక భూమి దగ్గరకొచ్చినప్పుడల్లా ఇంజను కాసేపు మండించారు, ప్రతిసారీ దూరపు కొస ఇంకా దూరం జరిగింది. నవంబరు 11న నాలుగోసారి తేడా కొట్టింది. లక్ష కిలోమీటర్లు అనుకుంటే 78 వేల దగ్గరే ఆగింది. మరుసటి రోజు తెల్లారుజామున ఇంకోసారి మండించి సరిచేసారు. డిసెంబరు 1 అర్ధరాత్రి దాటాక వడిసెల వదిలారు. అక్కడినుంచి సుమారు 300 రోజుల దారి, 65 కోట్ల కిలోమీటర్లకి పైన. ఒక చిన్న ముచ్చట: బండి బయల్దేరినప్పుడు మన రాష్ట్రం ఒకటి, చేరేసరికి రెండు. 2014 జూన్ 2 మధ్యలో వచ్చింది మరి.

అక్కడ చేరాక ఇంకో కష్టం. వేగం తగ్గించుకోకపోతే గ్రహాన్ని దాటి పోతుంది. తగ్గించాల్సిన పెద్ద ఇంజను 300 రోజులు చల్లగా పడుంది. మండుద్దో లేదో తెలియదు. సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు మండించి చూసారు, మండింది. 24న ఉదయం 7 గంటల 17 నిమిషాలకి మొదలుపెట్టి సుమారు 24 నిమిషాలు మండించాలి. నౌక అప్పటికి అంగారకుడి వెనక్కి పోతుంది కాబట్టి సగం పని కనపడకుండానే అయిపోవాలి. పైగా దూరం 22 కోట్ల కిలోమీటర్లకి పైన, ఒక మాట రావడానికే పన్నెండు నిమిషాలకి పైగా పడుతుంది. అంటే బెంగళూరులో కూర్చున్నవాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదు, ముందే చెప్పి పంపిన పని నౌక తనకు తానే చేసుకోవాలి. ఎనిమిది గంటల ప్రాంతంలో కబురొచ్చింది. ఇస్రో చైర్మన్ రాధాకృష్ణన్, ప్రాజెక్టు డైరెక్టర్ అరుణన్, మిషన్ డైరెక్టర్ కేశవరాజు, చీరల్లో చప్పట్లు కొడుతున్న అమ్మలు, ఆ రోజు ఫొటోలు మీరూ చూసుంటారు. మొదటి ప్రయత్నంలోనే అంగారకుణ్ణి చేరిన దేశం మనది, ఆసియాలో చేరిన మొదటి దేశమూ మనదే. అమెరికా నౌక మావెన్ రెండు రోజుల ముందే చేరింది, దాని ఖర్చు 67 కోట్ల డాలర్లు.

ఇప్పుడు, ఏం చూసింది? కోచింగుల్లో బరువు, తేదీ, ఖర్చు చెప్పి ఇక్కడ ఆపేస్తారు. మంగళయాన్ కక్ష్య గుండ్రం కాదు. దగ్గరి కొస 421 కిలోమీటర్లు, దూరపు కొస సుమారు 77 వేల కిలోమీటర్లు. ఒక చుట్టుకి దాదాపు 73 గంటలు. గుండ్రం చెయ్యాలంటే ఇంకా ఇంధనం కావాలి, అంత లేదు. కానీ ఈ లోటే ఒక లాభమైంది. మిగతా నౌకలు చాలావరకు నేలకి అంటుకుని తిరుగుతూ చిన్న చిన్న ముక్కలు చూస్తాయి, మనది దూరం నుంచి గ్రహం మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టింది. సెప్టెంబరు 28న 74,500 కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలో ఉత్తర భాగాన లేచిన దుమ్ము తుఫాను కూడా కనపడుతుంది. అదే కెమెరా దగ్గరికొచ్చినప్పుడు సుమారు 20 మీటర్ల వస్తువు దాకా చూడగలదు. వాలిస్ మారినెరిస్ ఫొటోలతో, లోయ అడుగున దుమ్ము ఎంత దట్టం, పైకి పోయేకొద్దీ ఎంత పల్చన అని లెక్క కట్టారు. అంగారకుడి చందమామల్లో చిన్నదైన డీమోస్‌ని అవతలి పక్క నుంచి తీసింది, పెద్దదైన ఫోబోస్‌ని 2020 జూలై 1న తీసింది. వెయ్యికి పైగా ఫొటోలొచ్చాయి.

మెన్కా అనే పరికరం గాలిని మూసి చూసింది అనుకోండి, అంటే బాగా పైన పల్చటి గాలిలో ఏ వాయువు ఎంత ఉందో లెక్కపెట్టింది. అక్కడ కొన్ని ఆర్గాన్ పరమాణువులు అనుకున్నదానికన్నా ఎక్కువ శక్తితో కదులుతున్నాయని తేలింది. అంగారకుడి పైగాలి మనం అనుకున్నంత చల్లగా నెమ్మదిగా లేదన్నమాట. మీథేన్ కోసం పంపిన పరికరం మాత్రం ఆశించిన పని చెయ్యలేదు. మీథేన్ గుర్తునీ కార్బన్ డయాక్సైడ్ గుర్తునీ విడదియ్యడం దానితో కాలేదు. తర్వాత ఆ కొలతల్నే వాడి, నేల ఎక్కడెంత వెలుగుని తిప్పి కొడుతుందో గ్రహం మొత్తానికి పటం గీసారు. ఈ ముక్క మన పుస్తకాల్లో రాయరు. రాస్తే తప్పేంటి? చెయ్యి కాలాకే కదా రొట్టె తిప్పడం వచ్చేది.

మాకు బాగా దగ్గరగా అనిపించిన సంగతి వేరే ఉంది, అది సున్నపురాయి. అంగారకుడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. కానీ గాలి మొత్తం మన గాలిలో నూరో వంతు కూడా లేదు. అంత పల్చటి గాలిలో నీళ్లు నిలవవు. మరి ఏర్లు ఎట్లా పారాయి? ఒకప్పుడు గాలి మందంగా ఉండుండాలి. ఆ గాలంతా ఏమైంది? రెండే దారులు. పైకి పోయి అంతరిక్షంలో కలవాలి, లేదా కిందికి పోయి రాయి అవ్వాలి. మొదటి దారిని మావెన్, మెన్కా లాంటివి చూసాయి. రెండోదాని సంగతి మన బట్టీ పనివాళ్లకి చెప్పక్కర్లేదు. వంద కిలోల మంచి సున్నపురాయిని బట్టీలో కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు ఏదీ అంటే, కార్బన్ డయాక్సైడై గాల్లో కలిసింది. అంటే రాయిలో సగానికి దగ్గరగా గాలే ఉంది! ఎప్పుడో పల్నాడు మీద సముద్రం ఉన్న రోజుల్లో నీళ్లు ఆ గాలిని మింగి, అడుగున రాయి చేసి పెట్టాయి. అమరావతి స్తూపం, నాగార్జునకొండ బొమ్మలు చెక్కింది ఈ పల్నాటి సున్నపురాయి మీదే. మా నాన్నల చేతులు పొక్కేది కూడా దీంతోనే.

అంగారకుడి మీద సముద్రాలు, మందం గాలి ఉన్నది నిజమైతే అక్కడా ఇట్లాంటి రాళ్లు గుట్టలు గుట్టలుగా ఉండాలి. ఏళ్ల తరబడి పైనుంచి వెతికారు. రాయి మీద పడి తిరిగొచ్చే ఎండలో, కంటికి కనపడని కిరణాల్లో, ఏ రాయికి ఆ రాయి గుర్తు ఉంటుంది. దాంతో 2008లో మార్స్ రికనయిసెన్స్ ఆర్బిటర్ నీలీ ఫోస్సే అనే చోట మెగ్నీషియం ఉన్న కార్బొనేటు రాయిని పట్టింది. దొరికింది గానీ కొంచెమే. లెక్క సరిపోలేదు. 2025లో ఇంకో ముక్క తెలిసింది. గేల్ గోతిలో నేల మీద తిరుగుతున్న క్యూరియాసిటీ బండి రాళ్లు తవ్వి చూస్తే, ఇనుము కలిసిన కార్బొనేటు కొన్ని చోట్ల బరువులో పది శాతం దాకా ఉంది. అదే చోటుని పైనుంచి చూసినప్పుడు కనపడలేదు. వేరే లవణాలతో కలిసిపోయి గుర్తు మరుగున పడిందంటున్నారు. పైనుంచి చూసి లేదనుకున్నది, దిగి తవ్వితే ఉంది. ఇది చదివినప్పుడు మావాడు "మా అవ్వ సంగతి లాగే" అన్నాడు. ఈసారి ఎవరం నవ్వలేదు.

మంగళయాన్ ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు, ఏడేళ్లు దాటి పనిచేసింది. 2017 జనవరిలో నీడలో ఎక్కువసేపు ఉండకుండా కక్ష్య జరిపి కాపాడుకున్నారు. దాంతో ఇంధనం బాగా తగ్గింది. 2022 ఏప్రిల్లో ఏడు గంటల పొడుగు గ్రహణాలు వచ్చాయి. నౌక బ్యాటరీ గంటా నలభై నిమిషాల గ్రహణానికి సరిపడా చేసింది. మాట ఆగిపోయింది. ఇక తిరిగి రాదని అక్టోబరు 3న ఇస్రో ప్రకటించింది. అదే ఏప్రిల్ 4న మన పల్నాడు గుంటూరు నుంచి విడిపడి కొత్త జిల్లా అయింది, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది. నౌక ఇంకా అక్కడే తిరుగుతుంది, మాట్లాడదు అంతే.

అది పంపిన కొలతలూ ఫొటోలూ ఇస్రో వాళ్ల ప్రదాన్ అనే సైటులో ఉన్నాయి. పేరు నమోదు చేసుకుంటే ఎవరికైనా ఉచితం. మేం ఫోన్లోనే నమోదు చేసుకున్నాం. ఫైళ్లు తెరవడానికి కంప్యూటర్ కావాలి, దానికి నెట్ సెంటర్‌కి పోయాం. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు, రెండో రోజు ఒక ఫొటో తెరుచుకుంది. డిగ్రీలో ఫిజిక్స్, జియాలజీ, కంప్యూటర్లు చదివేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి కూర్చుందాం. ఎరుకల, సుగాలి, చెంచు, యానాది అని లేదు, ఎవరైనా సరే.

ఇంకో పని. సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వైపు వాళ్లు ఈ పోస్టు చదువుతుంటే, మీ ఇళ్లల్లో డెబ్భై దాటిన పెద్దోళ్లు ఉంటే అడగండి. దీవిలో వాళ్ల గుడిసెలు ఎక్కడుండేవి, ఆ చోట్ల పేర్లేంటి, ఏ చెరువు నీళ్లు తాగేవాళ్లు, ఏ సంవత్సరం దాటించారు. మావాడి అవ్వ మూడు చోట్ల పేర్లు చెప్పింది, నాలుగోది గుర్తు రావట్లేదంటుంది. ఆ మూడూ కాగితం మీద రాసిపెట్టాం. మిగతావాళ్ల దగ్గరవి వచ్చాక అన్నీ కలిపి ఇక్కడే పెడతాం.